తెరమీద ఉన్న మాటే రాయాలి

ప్రింటరులోంచి వచ్చే వేడి కాగితం వాసనకి సుగుణమ్మగారు గుర్తొస్తారు. తెనాలిలో మా చిన్న ఆఫీసు ఇప్పుడు మధ్యాహ్నం పూట దాదాపు ఖాళీ. నేనూ, ఆ వాసనా మిగులుతాం.

పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలకు మావాళ్లు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు. దాన్ని వాడే విధానం నేను పుస్తకంగా రాసి ప్రింటు తీసిస్తే ఆవిడ దిద్దేవారు. నాకు కోతలు కొయ్యడం పుట్టుకతోనే వచ్చింది. కొల్లిపర రేవులో మొసలినెక్కి కృష్ణ దాటానంటే నమ్మి, టిక్కెట్టెంతని అడిగినవాళ్లున్నారు. అలాంటివాడికి ఒకే మాట రెండుసార్లు రాయడమంటే నామోషీ. తెరమీద 'సేవ్' అని ఉన్న బటన్ని ఒక పేజీలో 'భద్రపరచు' అన్నాను, ఇంకో పేజీలో 'దాచు' అన్నాను, మూడోచోట 'నిక్షిప్తం' అని రాసుకుని మురిసిపోయాను. ఆవిడ ఒక్క మాటా కొట్టెయ్యలేదు. నన్ను తనతోపాటు రేపల్లె రైలెక్కించారు.

అదీ ఆవిడ పద్ధతి. కొత్తగా చదివేవాళ్ల పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలి. నోరు విప్పకుండా, వాళ్ల వేలు ఎక్కడ ఆగుతుందో చూడాలి. రేపల్లె అవతల ఒక కేంద్రంలో నర్సు మరియమ్మగారు ఒక్కరే ఉన్నారు. టీకాలు వేసిన పిల్లల పేర్లన్నీ ఎక్కించి, నా పుస్తకం చూస్తూ తెరమీద 'నిక్షిప్తం' కోసం వెతికారు. వేలు 'సేవ్' మీదుగా నాలుగుసార్లు వెళ్లింది. చెప్పబోతే సుగుణమ్మగారు కళ్లతోనే ఆపారు. చివరికి మరియమ్మగారు 'క్లోజ్' నొక్కారు. పేర్లన్నీ పోయాయి. అంతదాకా వస్తుందని సుగుణమ్మగారూ అనుకోలేదు.

"నాకే బుర్ర లేదండి," అన్నారు మరియమ్మగారు, కళ్లు తుడుచుకుంటూ.

చీకటి పడేదాకా ముగ్గురం కూర్చుని పిల్లల టీకా చీటీలు చూసి పేర్లు మళ్లీ ఎక్కించాం. తిరుగు రైల్లో సుగుణమ్మగారు ఒక్కటే అన్నారు: "అడగడానికి పక్కన మనిషి లేనప్పుడేనయ్యా మన పుస్తకం తెరిచేది."

రిటైరయ్యాక ఆవిడ బాపట్లలో ఒంటరిగా ఉండేవారు. వీడియోలో మాట్లాడటమెలాగో నాచేత కాగితం మీద రాయించుకున్నారు. తెరమీద ఉన్న మాటలే రాశాను. ఆదివారం ఆదివారం, "ఈ వారం ఏం కోశావయ్యా?" అంటూ కనిపించేవారు. ఉన్నట్టుండి నాలుగు వారాలు కాల్ రాలేదు. నా మీద కోపం వచ్చిందనుకుని నేనూ బిగుసుకుని, చివరికి వెళ్లాను. ఫోను అప్‌డేట్ అయి, 'కాల్' అని ఉన్నచోట 'కనెక్ట్' అని వచ్చింది. నా కాగితం ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఇంకా 'కాల్' కోసమే వెతుకుతున్నారు. పాత మాట కొట్టేసి కొత్తది రాసిచ్చాను.

ఆవిడ పోయి రెండేళ్లయింది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఏ మాట మారిందో చూసి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. బాపట్లలో అందుకోవడానికి ఎవరూ లేరు.