ఆరో అక్షరానికి తోక

మొన్న మండలాఫీసులో గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని ఊదారంగు సిరా దిండు మీద అద్దాడు. చల్లగా తగిలింది. ఆ సిరా వాసన ముక్కుకి సోకగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. "ఏం మామ్మగారూ, కరిచిందా?" అన్నాడతను. కాగితంలో ఏముందో చదివి చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాను. వెనక వరసలో వాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ. ఈ రోగం నాకు అంటించింది సుగుణమ్మ టీచరు గారు. ఆవిడ మీకెవరికీ తెలియదు. నాకు రాత రాదు కాబట్టి నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది.

అమలాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో కాలవ గట్టున మా ఊరు. మా ఆయన చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసేవారు. డెబ్బైల్లో ఒక వానాకాలం, తడిసిన చెట్టు మీంచి జారిపడి పోయారు. నాకప్పటికి పాతికేళ్ళు నిండలేదు, చంకలో ఆడపిల్ల. ఆయన వాటాకొచ్చిన ఎనిమిది సెంట్ల స్థలం, అందులో తాటాకిల్లు, చుట్టూ కాసిని కొబ్బరి చెట్లు, అంతే మాకున్నది. అది పోతే పిల్లని తీసుకుని ఎవరి అరుగు మీద పడుకోవాలో తెలియని బతుకు. పక్క వాటా మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. పగలంతా కొబ్బరి పీచు కొట్టేదాన్ని, పొద్దున్నే టీచరు గారింట్లో అంట్లు తోమేదాన్ని.

టీచరు గారు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడకొక పిచ్చి ఉండేది. పొడుగాటి ఇంగ్లీషు మాటలు ఏరి ఒక అట్ట పుస్తకంలో రాసుకునేవారు. అన్నీ కాదు, క్యూ అనే అక్షరం ఉన్నవే. మాట పక్కన దాని అర్థం తెలుగులో. పేపర్లో దొరికిన మాట, కోర్టు నోటీసులో దొరికిన మాట, ఏదైనా సరే, అక్షరాలు లెక్కపెట్టి పది అక్షరాల పేజీలోనో, పన్నెండు అక్షరాల పేజీలోనో ఎక్కించేవారు. నేను గిన్నెలు బోర్లిస్తుంటే పుస్తకం నా ముందు పెట్టేవారు.

"సత్తెమ్మా, ఇదిగో చూడు. సున్నా చుట్టి కింద తోక పెట్టేం. ఇదే క్యూ. దీని పక్కనెప్పుడూ ఈ గిన్నెలాంటి అక్షరం ఉంటాది, యూ. మొగుడు లేకుండా గడప దాటదు మహాతల్లి."

"మనకి లేని భాగ్యమండి దానికి," అన్నాను.

ఆవిడ నవ్వి నవ్వి దగ్గారు. తరువాత మాటలు చెప్పారు. 'స్టేటస్ కో' అంటే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యడమట. 'క్విడ్ ప్రో కో' అంటే ఇదిచ్చి అది పుచ్చుకోవడమట, అందులో తోకలు రెండు. 'ఇన్‌క్విజిటివ్‌నెస్' అని పదిహేను అక్షరాల మాట ఉంది, ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ కూపీ లాగే గుణమట. "ఇది మీ బావగారి మాట, ఆయనకిచ్చెయ్యి," అన్నారు.

నాకు నవ్వొచ్చేది, అనుమానమూ వచ్చేది. అంట్లు తోముకునేదానికి ఇంగ్లీషు మాటలెందుకు? ఈవిడకి నా దగ్గర ఏం కావాలి? ఆ అనుమానానికి మా బావగారు నీళ్ళు పోసి పెంచారు. "ఆ టీచరమ్మకి తమ్ముడి కొడుకులు ఇద్దరున్నారమ్మా. నీ స్థలం ఆవిడ పెరటికి ఆనుకునే ఉంది కదా. ఊరికే మంచిగా ఉంటారేంటి ఎవరైనా?" అన్నారు. ఆ మాట నాలో దిగిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ పుస్తకం తెరిస్తే నేను ఆవిడ మొహం చూసేదాన్ని.

ఆ తరవాత నెల తిరక్కుండా బావగారు ఒక టైపు కాగితం, సిరా దిండు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "విధవ పింఛనుకి అప్లికేషనమ్మా. వేలిముద్ర వేసెయ్యి, నేను పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను."

"ఇంగ్లీషులో ఉందేంటండీ?"

"ఇంగ్లీషులో ఉంటేనే ఆఫీసులో తొందరగా కదుల్తాదమ్మా."

పైన పెద్ద అక్షరాలతో ఒక పొడుగాటి మాట ఉంది. అందులో సున్నాకి తోక కనబడింది. చెయ్యి చాపబోయినదాన్ని ఆగాను. ఎందుకో చెప్పలేను. టీచరు గారి పుస్తకంలో ఆ తోక ఉన్న మాటలు సగం కోర్టు మాటలే, అందుకేనేమో. పిల్లని ఊపుతున్నట్టు నటిస్తూ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాను. మొత్తం పద్నాలుగు అక్షరాలు. తోక ఆరో అక్షరానికి. "ఇవాళ నాకు ఒక్కపొద్దండి, ముద్రలూ గిద్రలూ వద్దండి," అన్నాను. అబద్ధమే. ఆయన సణుక్కుంటూ వెళ్ళిపోయారు.

టీచరు గారిని అడగాలి. కానీ ఆవిడనీ నమ్మలేను. అందుకని సంగతి చెప్పకుండా, బూడిద చేత్తోనే అడిగాను. "ఏవండీ, పద్నాలుగు అక్షరాల మాటలు మీ దగ్గర ఎన్నున్నాయండి?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేజీ తీశారు. "మూడే ఉన్నాయి. ఏం?"

"తోక ఎన్నో అక్షరానికండి?"

"దీనికి మొదటిదానికే. 'క్వింటెసెన్షియల్', అంటే అసలు సారం. దీనికి మూడోదానికి. 'అన్‌క్వశ్చనబుల్', అంటే అనుమానించడానికి వీల్లేనిది. ఇక దీనికి..." వేలితో లెక్కపెట్టారు. "ఆరోదానికి. 'రెలింక్విష్‌మెంట్'."

"అంటే ఏంటండీ?"

"నీకున్న హక్కు నీ అంతట నువ్వే వదులుకోవడం." కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "ఎవరి కాగితం సత్తెమ్మా?"

"ఎవరిదో లెండి. ఆ మాట ఒక్కటీ చీటీ మీద రాసివ్వండి."

ఆవిడ కాగితం ముక్క చింపి రాసిచ్చారు. కాగితం మీద చూసిన మాట, చీటీ మీద మాట అచ్చు ఒకలాగే ఉన్నాయి. అయినా అర్థం ఈవిడ మార్చి చెప్పిందేమో? బావగారితో నాకు తగువు పెట్టి తరవాత నా స్థలం అడుగుతుందేమో? మర్నాడు పీచు పని మానేసి, పిల్లనెత్తుకుని బస్సెక్కి, నన్నెవరూ ఎరగని అల్లవరం వెళ్ళాను. అక్కడ పోస్టు మాస్టారు చీటీ చూసి, "వదులుకోవడమమ్మా. ఆస్తి కాగితాల్లో వస్తాదిది. ముద్ర వేసేవా ఏంటి కొంపదీసి?" అన్నారు. "లేదండి," అనేసి చీటీ కొంగున ముడేసుకుని తిరుగు బస్సెక్కాను.

బావగారు మళ్ళీ వచ్చారు. "పింఛనన్న మాట ఇందులో ఎక్కడుందో చూపించండి బావగారూ," అన్నాను.

"నీకు ఇంగ్లీషొచ్చా?"

"ఒక్క మాటొచ్చండి. పైనున్నదే."

"ఆ టీచరమ్మ నూరిపోసిందా?"

"ఆయ్, ఆవిడ చెప్పేరు. అల్లవరం పోస్టు మాస్టారూ చెప్పేరు. ఇంకెవరినైనా అడగమంటారా? పంచాయతీ అరుగు మీద పెట్టి అడిగొస్తాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ తీయలేదు. ఆ స్థలంలోనే మా పిల్ల పెళ్ళి చేశాను. ఇప్పుడు ఈ మాటలు చెబుతున్నదీ ఆ స్థలంలో కూర్చునే.

నేను అల్లవరం వెళ్ళిన సంగతి టీచరు గారికి ఎలాగో తెలిసింది. రెండు రోజులు పుస్తకం తెరవలేదు. మూడో రోజు నా వంక చూడకుండానే అడిగారు. "నేను చెప్పిన అర్థమూ, ఆయన చెప్పిన అర్థమూ ఒకటేనా?"

"ఒకటేనండి."

"అయితే ఆయనకి ఇంగ్లీషు వచ్చన్నమాట," అన్నారు. అంతే. తప్పయిపోయిందని నేను అనలేదు. అనాలని తెలుసు. అంటే ఆవిడకి లోకువైపోతానేమోనని ఊరుకున్నాను. ఆ తరవాత పదేళ్ళు ఆవిడ ఇంట్లో పని చేశాను. ఒక్కనాడూ నా పెరటి కొబ్బరాకు కూడా అడగలేదు. అయినా అడుగుతారేమోనని పదేళ్ళూ కాచుకునే ఉన్నాను.

ఎనభైల్లో ఆవిడ పోయారు. తమ్ముడి కొడుకులిద్దరూ వచ్చి ఆవిడ ట్రంకుపెట్టె తెరిచారు. జనమంతా ఏడుస్తున్నారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడి, పెట్టెలోంచి బయటికొచ్చే ఒక్కొక్క కాగితాన్నీ చూస్తున్నాను, నా స్థలం తాలూకుది ఏదైనా ఉంటుందేమోనని. బైబిలు వచ్చింది, అట్ట పుస్తకం వచ్చింది, పాత ఉత్తరాలు, చీరలు వచ్చాయి. ఇంకేమీ లేదు. పెట్టె అడుగు కనబడ్డాకే నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు అంత ఆలస్యంగా వచ్చిందన్న సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.