సీరియల్ చూసి రాసిన ఉత్తరం

పోయిన వారం హిందూపురంలో మా అమ్మాయి వాళ్ళ సందు మొదట్లో, పాత కాగితాలు కొనే అంగడి ముందు, వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చించి కుట్టించిన బైండు పుస్తకమొకటి తక్కెడలో పడి ఉండటం చూసి ఆగిపోయాను. కొనలేదు. అలాంటి పుస్తకంతో ఒకసారి బతుకు పాడు చేసుకున్నది చాలు.

మన ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఉత్తరాల నవల అంటే చెవి కోసుకునేవాళ్ళం. ధర్మవరంలో మా ఉమ్మడి ఇంట్లో, ముందు గదిలో నాయనా పెద్దనాయనా పట్టుచీరల బేరాల్లో మునిగి ఉంటే, వెనక వసారాలో నేనూ, పెద్దనాయన కూతురు అక్కా ఆ సీరియల్ కోసం కొట్టుకు చచ్చేవాళ్ళం. కథంతా ఉత్తరాలే. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక్క బావ. అతడంటే ప్రాణమై ఉండి కూడా చెల్లెలు, నన్ను మరిచిపో, అక్కను చేసుకో అని రాస్తుంది. అది అందీ అందగానే అతడు రైలెక్కి వచ్చి అందరి ముందూ చెల్లెలి చెయ్యే పట్టుకుంటాడు. అది చదివిన రోజు నేను అన్నం తినలేదు.

మాకూ ఒక బావ ఉన్నాడు, పెనుకొండ మేనత్త కొడుకు, హిందూపురంలో కాలేజీ. అక్కకూ అతడే కావాలి, నాకూ అతడే కావాలి. పైకి చెప్పుకోలేదు గానీ, అతడు వస్తే కాఫీ గ్లాసు ఎవరు అందించాలన్న దగ్గరే బయటపడేది. ఆ సీరియల్ పేజీలిస్తే హిందూపురంలో బైండు చేయించి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. లోపల నా పేరున చీటీ. నిన్నే చేసుకుంటాను, సరేనంటే మామతో మాట్లాడతాను అని నాలుగే ముక్కలు.

సరే అని రాస్తే అయిపోయేది. ఒక్క ముక్క! నాకది చప్పగా అనిపించింది. సీరియల్లో చెల్లెలి ఉత్తరం ముందు పెట్టుకుని, పేర్లు మాత్రం మార్చి, పొల్లు పోకుండా దించి పోస్టు చేశాను. త్యాగం అనుకునేరు, త్యాగమూ లేదు మన్నూ లేదు. అతడు పరుగున రావాలి, అక్క కళ్ళారా చూడాలి, అదీ నా కోరిక. రైలు కూత వినపడితే చాలు, జడ సవరించుకునేదాన్ని. రాలేదు. నెల తిరక్కుండా మేనత్తే వచ్చి అక్కను అడిగింది. పెళ్ళికి పూలజడ నేనే కుట్టాను.

ఏళ్ళు గడిచాక, ఎవరి పెళ్ళిలోనో పక్కపక్కన కూర్చున్నప్పుడు, నా ఉత్తరం చూసినప్పుడు ఆ నవల చివర నీకు గుర్తు రాలేదా బావా అని అడిగేశాను.

"దాన్ని నేను యాడ చదివినాను పాపా? నీతో మాట్లాడే సాకు దొరికిందని బైండు చేయిస్తి, అంతే. అక్కను చేసుకోమని నువ్వే రాస్తివి. నీకు నేను వద్దేమోలే అనుకుంటి" అన్నాడు.

ఇప్పుడు మా మనవరాలు వంటింట్లో నా ముందరే ఫోను పట్టుకుని, నేను కావాలా ఆ పిల్ల కావాలా ఇప్పుడే చెప్పు అని ఎవరినో నిలదీస్తుంది. సిగ్గు లేదా అని వాళ్ళమ్మ తిడుతుంది. నేను తిట్టను. ఆ సిగ్గులేనితనం చూస్తే నాకు కడుపు మంట, అంతే. మొన్న బావ పోయినప్పుడు పెనుకొండ వెళ్ళాను. అక్క పక్కన కూర్చుని, మరదలు ఎంత ఏడిస్తే బాగుంటుందో అంతే ఏడ్చి వచ్చాను.