అలంకారాల మీద మాట్లాడటానికి పోయినవాణ్ణి

తిరుపతిలో ఒక సాహిత్య సభకు నన్ను అలంకారశాస్త్రం మీద మాట్లాడమని పిలిచి, తీరా వేదిక ఎక్కాక మగ్గం గురించి చెప్పమన్నారు. అది తప్పు. ముసలితనంలో ఇంకా దాన్ని మోస్తున్నావా అని అడిగేవాళ్లున్నారు. మోస్తూనే ఉన్నాను.

డెబ్బైల చివరి మాట. మాది నగరి. గుంత మగ్గం మీద లుంగీలు నేసేవాణ్ణి. బడి మొహం చూసింది లేదు. పక్కింటి పెద్దాయన అక్షరాలు దిద్దించాడు, తక్కిందంతా నా తంటాలే. మగ్గం కొయ్యకు పుస్తకం ఆనించి పెట్టుకునేవాణ్ణి. పోగు తెగితే మగ్గం ఆగాల్సిందే కదా, అతికి, ఒక పద్యం చదువుకునిగానీ మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి కాదు. అందుకని వీధిలో ఒకటే వెటకారం: "ఏమప్పా అయ్యవారూ, ఈపొద్దు ఎన్ని పోగులు తెంచినావు?"

అయ్యవారంటే మావైపు పంతులు. ఆ మాటను ఒక్కరైనా నవ్వకుండా అంటే చాలనుకునేవాణ్ణి.

మా ఊరి లైబ్రరీలో పరిచయమైన తిరుపతి రిటైర్డు పంతులుగారు ఒకరు ఆ సభకు కార్యదర్శి. ఆయన కార్డు రాయగానే రాత్రుళ్లు కూర్చుని ప్రసంగం రాసుకుని, పుత్తూరు మీదుగా బస్సులో పోయాను. అధ్యక్షుడు నాకు శాలువా కప్పి, "ఈయన మన నేతన్న. పడుగూ పేకా ఎట్లా కలుస్తాయో ఈయన నోటనే విందాం" అన్నాడు. నేను వినిపించుకోనట్టు కాగితాలు తీసి ఉపమాలంకారం మొదలుపెట్టాను. ముందు వరుసలోంచి ఎవరో, "పద్యాలు రోజూ వింటానే ఉండామప్పా, మగ్గం సంగతి చెప్పు!" అని అరిచారు. సభంతా నవ్వింది. చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు. శాలువా చేతికి తగలగానే తెలిసింది, మరమగ్గం మీద నేసింది.

ఇంటికొచ్చి చెబితే నా భార్య కండెలకు నూలు చుడుతూ తలెత్తలేదు. "తెలిసిందే అడిగినారు గదా, దానికింత బాధెందుకు? అన్నం తినుపో."

ఆ తర్వాత తిరుపతి పోయినప్పుడల్లా కార్యదర్శిగారిని అడిగేవాణ్ణి, ఎందుకట్లా చేశారని. నవ్వి కాఫీ ఇప్పించేవారు. మోకాళ్లు గుంతలోకి దిగలేక నేను మగ్గం మానేసిన ఏడు, బస్టాండులో ఎదురైతే మళ్లీ అడిగాను. ఈసారి నవ్వలేదు. ఆయనకూ విసుగు పుట్టినట్టుంది.

"అలంకారాలని రాస్తేగానీ మీరు రారని అట్లా రాసినానప్పా. అవి చెప్పేవాళ్లు మా వీధిలో ఇంటికొకరు ఉండారు. మగ్గం తెలిసినవాళ్లు నాకు మీరొక్కరే దొరికినారు."