గ్లెండా పెరట్లో కుక్కదారి

ఆస్ట్రేలియాలోని మిల్డ్యూరా ఊళ్ళో బడి క్యాంటీన్ నడిపే గ్లెండాని ఎరగనివాళ్ళు ఆ వీధిలో లేరు. సగం వీధి ఆమె చేతి మాంసం కూరిన సాసేజ్ రోల్స్ తిని పెరిగిందే. భర్త రాస్ పెరట్లో కుళాయి దగ్గర కుప్పకూలిన మధ్యాహ్నం కూడా ఆమె పనిలోనే ఉంది. ఇంటికి వచ్చేసరికి ఆయన చేతి పక్కన నీళ్ళ గొట్టం పారుతూనే ఉంది, కుక్క టఫీ కదలకుండా కూర్చుని ఉంది. చివరి క్షణాల్లో ఆయన ఏమన్నాడో, ఎవరిని పిలిచాడో విన్నది అదొక్కటే.

ఆ తర్వాత టఫీ రోజూ ఎండ వాలే వేళ కంచె వెంబడి నడిచేది. గడ్డి అరిగి దారి పడింది. కుళాయి దగ్గర ఆగి, మనిషి ముఖం ఉండే ఎత్తుకి తలెత్తి, తోక మెల్లగా ఊపేది. కాసేపు విని కదిలిపోయేది. వంటింటి కిటికీలోంచి చూసే గ్లెండాకి ఒళ్ళు జలదరించేది. అందులో భయం కన్నా అసూయ ఎక్కువ.

రాస్ చెల్లెలు బెరిల్ వచ్చి పెరడంతా మార్చెయ్యమని పట్టుబట్టింది. కుక్కకి విషమని గన్నేరు మొక్కలు పీకించింది. అది మంచి పనే. కుళాయి దగ్గర మాత్రం రాతిపలకలు పరిపించి కుర్చీలు వేయించింది. నలుగురూ కూర్చుంటే ఆ చోటు మామూలు చోటైపోతుందని ఆమె నమ్మకం. ఎవరూ కూర్చోలేదు. టఫీ కుర్చీల మధ్య దూరి కాలే రాళ్ళ మీదే నిలబడేది. అక్కడ నడివేసవైన ఫిబ్రవరి ఎండలకి దాని పాదాలు బొబ్బలెక్కాయి.

వాటికి మందు రాస్తూ గ్లెండా, రాస్ పోయాక మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాడే గునపంతో పలకలు పెళ్ళగించింది. టఫీ నడిచే దారిని అలాగే ఉంచి, మెత్తగా చెట్టుబెరడు ముక్కలు పరిచింది. మొక్కల్ని దారికి ఇవతలకి జరిపింది. కుళాయి మీదుగా నీడకి గుడ్డ కట్టి, పక్కన కూర్చోడానికి బల్ల వేసింది.

బెరిల్ వచ్చి, పలకలు పోయిన దారిని, బల్ల మీద కూర్చున్న గ్లెండాని చూసింది.

"ఇదంతా ఎవరి కోసం గ్లెండా? కుక్కకా, మా అన్నకా?"

"నాకే. అది వినేదేదో నాకూ వినిపిస్తుందేమోనని."

"వినిపించిందా?"

"లేదు. కానీ తోక ఊపుతుంది కదా. ఆయన నొప్పితో పోలేదనుకుంటున్నా."

బెరిల్ వచ్చి పక్కన కూర్చుంది. టఫీ వచ్చి వెళ్ళేదాకా ఇద్దరూ లేవలేదు.

మరుసటి చలికాలం టఫీ పోయింది. వానలకి దారి నిండా గడ్డి మొలిచింది. గ్లెండా పీకలేదు, తొక్కనూ లేదు. బట్టలు ఆరెయ్యడానికి చుట్టూ తిరిగే వెళ్తుంది. ఒక్కో సాయంత్రం ఆమె బల్ల మీద కూర్చున్నప్పుడు, గాలి లేకుండానే ఆ గడ్డి కదులుతుంది. ఆమె తల తిప్పి చూడదు. చోటిస్తూ కొంచెం పక్కకి జరుగుతుంది.