మునగాకు వేసే వేళ

నా భార్య గౌలిపురలో పాలు పోసే ఇంటి ఆడపిల్ల. ఇప్పటికీ వెన్న ఇంట్లోనే కాస్తుంది. నురుగు తగ్గి, దించబోయే ముందు గుప్పెడు మునగాకు వేస్తుంది. ఆ నెయ్యి ఎన్నాళ్లున్నా పాడు వాసన రాదు. అది తినే నేను లావయ్యాను.

నేను కంచన్‌బాగ్‌లో టైటానియం వెల్డర్‌ని. వేడి మీదున్న టైటానియానికి గాలి తగిలితే నీలం తిరిగి పెళుసుబారుతుంది. అందుకే అతుకు చల్లారేదాకా దాని మీద ఆర్గాన్ గ్యాస్ వదులుతూనే ఉంటాం. నా అతుకులు తెల్లగా మెరుస్తాయి. ఈ ఒక్క విషయంలో నాకు అణకువ లేదు.

పోయినేడు ఆమె రొమ్ములో గడ్డ కనబడింది. క్యాన్సరని తేలి, ఆపరేషన్ చేసి తీసేశారు. మిగిలిందేమైనా ఉంటే చావాలని రేడియేషన్ పెట్టించుకోమన్నారు. భయంతో నేను ఫోన్‌లో దొరికిందల్లా చదివాను. మనం పీల్చే ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పుడతాయట. వాటికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. దాన్ని పక్కనున్న అణువు నుంచి లాక్కుంటాయి, అది ఇంకోదాని మీద పడుతుంది, అట్లా కణం పొర దాకా, లోపలి జన్యువుల దాకా దెబ్బ పోతుంది. యాంటీ ఆక్సిడెంట్లు తమ ఎలక్ట్రాన్ ఇచ్చి ఆ లొల్లిని అక్కడే ఆపుతాయి. ఇది మన ఆర్గానే కదా అనుకున్నాను. పత్తర్‌గట్టి బజారుకు వెళ్లి, అన్నిటికన్నా ఎక్కువ మోతాదున్న యాంటీ ఆక్సిడెంట్ గోళీల డబ్బా తెచ్చాను.

"గింత పెద్ద గోళీలేంది? నాకు తెచ్చినవా, బర్రెకు తెచ్చినవా?" అంది.

"నవ్వకు. మింగు."

ఆమె మింగలేదు. డబ్బాను సంచిలో వేసుకుని, రేడియేషన్ మొదలయ్యే రోజు డాక్టరమ్మ ముందు పెట్టింది. "మా ఆయన తెచ్చిండు మేడం. మింగాల్నా, వద్దా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "బాపూ, మేం పెట్టే రేడియేషన్ కూడా ఫ్రీ రాడికల్స్‌నే పుట్టిస్తది. వాటితోనే క్యాన్సర్ కణాలు చస్తయి. గిన్ని గోళీలు మింగితే ఆ కణాలకు కూడా కాపలా కాసినట్లు కావచ్చు. ట్రీట్‌మెంట్ అయ్యేదాక బంద్. కూరలు, పండ్లు మామూలుగా తినొచ్చు."

గాలి తగలకుండా చూడటమే నా పని, నా గొప్ప. ఇప్పుడు నా భార్య కమిలిపోతుంటే చేతులు కట్టుకుని నిలబడాలి. ఆటోలో కళ్ల నీళ్లు ఆగలేదు. ఆమె కొంగు అందించింది.

"ఫికర్ చెయ్యకు. వెన్న కాగకముందే ఆకేస్తమా ఏంది?" అంది. "ముందు కాగనియ్యి."

ఆ తర్వాత ఆమె రోజూ రేడియేషన్‌కు పోయింది. చంక దగ్గర చర్మం నల్లబడి పొరలూడింది. రవిక వేసుకోలేక పాత మెత్తటి చీర చుట్టుకునేది. అట్లానే వెళ్లి, అక్కడ భయపడుతూ కూర్చున్న ఆడవాళ్లను నా గోళీల కథ చెప్పి నవ్వించేది. బయట బెంచీ మీద నేను వింటూ కూర్చునేవాణ్ని. సిగ్గేసేది, కానీ అంతకన్నా గర్వంగా ఉండేది. ఇంత గట్టి మనిషితో కాపురం చేస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఆ నెలల్లో ఇంట్లో వెన్న కాయలేదు. ఆమె చెయ్యి పైకి లేచేది కాదు. నెయ్యి బజారు నుంచి తెచ్చుకున్నాం, ఇద్దరం దాన్ని తిట్టుకుంటూ తిన్నాం.

మొన్న పరీక్షలు చూసి, ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి రాగానే ఆమె చీర కూడా మార్చుకోకుండా పొయ్యి మీద వెన్న పెట్టింది. నేను పక్కన నిలబడ్డాను. నురుగు తగ్గింది. మునగాకు నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడెయ్యాల్నా?" అన్నాను.

"ఆ, ఇప్పుడెయ్యి," అంది.