పంటు మీద అప్‌డేట్

యంత్రాలు మనిషి మీద తిరగబడే కథలు చిన్నప్పట్నుంచీ చదువుతున్నవాణ్ణి. ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న రోజు, "మనింటికి భవిష్యత్తు వచ్చేసింది" అని మా ఆవిడ దగ్గర గొప్పలు చెప్పాను.

ఆ బండితోనే ఇద్దరం నరసాపురం రేవులో, బళ్ళనీ మనుషులనీ ఏరు దాటించే పంటెక్కాం. గోదావరి దాటేదాకా ఖాళీయే కదా అని, అది అడిగిన అప్‌డేట్‌కి సరేనని నొక్కాను. ఏటి మధ్యలో సిగ్నల్ పోయింది. సగంలో అప్‌డేట్ ఆగింది, చక్రం బిగుసుకుపోయింది.

అవతలి రేవు వచ్చేసింది. అన్నిటికంటే ముందున్నది నా బండే. వెనక కార్లూ ఆటోలూ ఒకటే హారన్లు. "బండి తియ్యండి బాబూ!" అని పంటు మనిషి అరుస్తున్నాడు. ఏది నొక్కినా స్క్రీన్ మీద "దయచేసి వేచి ఉండండి" అని వస్తోంది తప్ప బండి కదలదు. కథల్లో యంత్రాలకి కనీసం పగైనా ఉంటుంది. దీనికి అదీ లేదు, ఉత్త మర్యాద!

చివరికి నలుగురు తిట్టుకుంటూ దాన్నెత్తి ఒడ్డున పడేశారు.

అంతసేపూ నా హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ అంది:

"భవిష్యత్తు వచ్చేసిందన్నారు కదా! నలుగురు మోస్తేగాని ఒడ్డెక్కదేంటండీ?"