తలుపు పట్టని బొమ్మ

మా ఇంటికి మొదటి బొమ్మ వచ్చింది నా వల్లనే. ఎవరడిగినా మా ఆయన మాత్రం "ఇద్దరం కలిసి కొన్నాం" అని చెబుతాడు. ఆయన ఆ మాట మార్చడు, నేను ఒప్పుకోను.

మాది ధర్మవరం. అత్తవారిది పట్టుచీరల వ్యాపారం. మగ్గాల మీద నేయించి బెంగుళూరుకు, మద్రాసుకు పంపడం తాతల నాటి నుంచీ ఉంది. నేను మాత్రం ఉరవకొండ దగ్గర శనక్కాయ చేలల్లో పెరిగినదాన్ని. మా పల్లెలో నాకు తెలిసిన రంగులు ఎర్రనేల, ఎండిన కంప, వాన పడితే కొన్నాళ్లపాటు కనిపించే పచ్చదనం. పెళ్లయి వచ్చిన కొత్తలో, రంగులద్ది దండేల మీద ఆరవేసిన పట్టునూలు ముందు పని మరిచి నిలబడిపోయేదాన్ని. అది చూసి మామ ఒకరోజు, "నీ కండ్లు బాగుండాయి పాపా. ఏ అంచుకు ఏ రంగో ఇంక నువ్వే చెప్పు" అన్నాడు. అలా దుకాణంలో నాకూ ఒక చోటు దొరికింది.

బెంగుళూరులో ఒక పెద్దింటి పెళ్లికి చీరలు చూపించడానికి మా ఆయనతో పాటు నేనూ వెళ్లాను. ఆ ఇంటావిడ చీరలు ఎంచుకుంటోంది. నా చూపు మాత్రం ఆమె వెనక గోడ మీదే ఉంది. అక్కడొక పెద్ద బొమ్మ. మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు లేడు. పసుపు మీద పసుపు, అడుగున కాస్త మాగిన ఎరుపు. అంతే. చీర మడత విప్పమంటే విప్పి పట్టుకుని అలాగే ఉండిపోయానట. మా ఆయన మోచేత్తో పొడిచాడు. ఆవిడ నవ్వి, ఆ బొమ్మ వేసినాయన ఉండే వీధి చెప్పింది.

బయటికి రాగానే, "అక్కడికి పోదాం" అన్నాను.

"ఎందుకు? దాంట్లో బొమ్మ యాడుండాది?" అన్నాడు మా ఆయన.

"మనం అమ్మే చీరల్లో బొమ్మలుండాయా? రంగు చూసే కదా జనం కొంటాండారు."

మా ఆయన కారు ఆ వీధికి తిప్పాడు.

చిత్రకారుడిది మేడమీది గది. సన్నగా, గడ్డంతో, మా ఆయన కంటే కాస్త పెద్దవాడు. బొమ్మలన్నీ గోడకు ముఖం తిప్పి ఆనించి ఉన్నాయి. మాకు కన్నడం వచ్చు కనుక మాటలకు ఇబ్బంది లేకపోయింది. అయితే ఆయన వెంటనే అమ్మలేదు. టీ పెట్టి ఇచ్చి, ఒక పసుపు బొమ్మ మా వైపు తిప్పి, "దీంట్లో మీకేం కనిపిస్తోంది?" అని అడిగాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను, "ఏమీ కనిపించడం లేదు. కానీ చూస్తుంటే ఎండలో తిరిగొచ్చి కుండలో నీళ్లు తాగినట్టుంది" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. చిత్రకారుడు మాత్రం బొమ్మకు గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు.

ఇంట్లో దాన్ని నడిమింటి గోడకు తగిలించాం. మా అత్త వచ్చి చూసింది.

"ఏ దేవుని పటం ఇది?"

"దేవుడు లేడత్తా."

"దేవుడు లేని పటానికి ఇంత చట్రమా!" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయుధపూజ నాడు ఆమె ఎప్పటిలాగే పసుపు కుంకుమల గిన్నెలు పట్టుకుని బయలుదేరింది. మగ్గాలకు పెట్టింది, తక్కెడకు పెట్టింది, ఇనప్పెట్టెకు, కారుకు పెట్టింది. వస్తూ వస్తూ బొమ్మకు కూడా కుడివైపు మూలలో, చట్రం మీద కాదు, నేరుగా రంగు మీదే ఒక కుంకుమబొట్టు పెట్టేసింది. మా ఆయన చూసి గుండెలు బాదుకున్నాడు. తుడుద్దామంటే రంగు కూడా లేచొస్తుందేమోనని భయం. అలాగే వదిలేశాం.

కొన్నాళ్లకు చిత్రకారుడు మమ్మల్ని చూడటానికి ధర్మవరం వచ్చాడు. లోపలికి వస్తూనే బొమ్మ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని, మూలకు వంగి చూశాడు.

"ఇది ఎవరు పెట్టారు?"

మా అత్త చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "నేనే పెట్టినానప్పా. ఇంట్లో అన్నింటికీ పెట్టి దీనికొక్కదానికి పెట్టకుంటే ఏం బాగుంటాది? అందుకే పెట్టినా."

చిత్రకారుడు పగలబడి నవ్వాడు. "ఉండనీండి. నా బొమ్మల్లో దేనికీ ఇంత మర్యాద జరగలేదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం మా అత్త ఆయనకు పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, చాలు చాలంటున్నా వినకుండా వేడి నెయ్యి పోసి పెట్టింది. ఆ తర్వాత ఇంటికి ఏ బొమ్మ వచ్చినా, వేసిన మనిషి తిన్నాడా లేదా అన్నది ఆమె మొదటి ప్రశ్న.

పిచ్చి నాతో మొదలైనా, ముదిరింది మా ఆయనకే. అద్దకంవాళ్లతో మాట్లాడినట్టు చిత్రకారులతో గంటలు గంటలు రంగుల గురించి మాట్లాడేవాడు. మద్రాసు, హైదరాబాదు, బరోడా, ఎక్కడికి చీరలతో వెళ్లినా బొమ్మతో తిరిగొచ్చేవాడు. ఊళ్లో చాటుగా "సావుకారికి దుడ్లు ఎక్కువైనాయి, బుద్ధి తక్కువైంది" అన్నారు. చాటుగా అన్నది మాకెలా తెలిసిందంటే, మా అత్త వాళ్లింటికే వెళ్లి అడిగి వచ్చింది.

మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. ఇద్దరికీ నచ్చితేనే ఇంటికి తేవాలి. చాలాసార్లు బొమ్మ ముందు నిలబడి పెళ్లిచూపుల్లో పెద్దల్లా కళ్లతోనే మాట్లాడుకునేవాళ్లం. ఒక్కసారే ఆయన ఆ మాట తప్పాడు. నాకు చెప్పకుండా ఒక బూడిదరంగు బొమ్మ కొనుక్కొచ్చాడు. పది రోజులు చూస్తే నచ్చుతుందన్నాడు. ఏళ్లు గడిచాయి, ఇప్పటికీ నచ్చలేదు. దుకాణంలో ఆయన కూర్చునే గదిలో, ఆయనకు ఎదురుగా మాత్రమే ఉండేట్టు తగిలించుకున్నాడు.

బొమ్మలు కొంటూ కొంటూ, వేసేవాళ్ల బాధలు కూడా తెలిశాయి. చాలామందికి చెయ్యి చాచితే గోడ తగిలే గదులు. పెద్దది వేయాలని ఉన్నా చోటు లేదు. మాకేమో బస్టాండుకు పోయే దారిలో పాత గోదాము ఖాళీగా పడి ఉంది. వ్యాపారం కొత్త కట్టడానికి మారాక అందులో గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు. దానికి సున్నం కొట్టించి, పైకప్పుకు వెలుతురు వచ్చేలా అద్దాలు వేయించి, వచ్చి ఉండమని చిత్రకారులకు కబురు పెట్టాం. తిండి మా ఇంటి నుంచి వెళ్లేది. ఏం వేస్తున్నారని అడగకూడదు అన్నది నేను పెట్టిన షరతు. అది మా ఆయన కోసం పెట్టినది.

ఒక ఎండాకాలం ఉత్తరాది నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద గొంతు. వచ్చి నెల దాటినా కుంచె ముట్టుకోలేదు. పొద్దున్నే చిత్రావతి ఏటి ఇసుకలో నడిచేది, ఎండెక్కాక చాప మీద పడుకునేది. మా ఆయనకు మనసు నిలవలేదు. అడగకూడదు కాబట్టి రోజూ ఒక కలింగర పండు, అదే పుచ్చకాయ, పట్టుకుని వెళ్లి, అది కోసి తినేంతసేపు గోడల వైపు చూసి వచ్చేవాడు.

"ఏమన్నా వేసిందా?" అనేదాన్ని.

"గింజలు ఉమ్మింది" అనేవాడు దిగులుగా.

తర్వాత ఒకరోజు ఆమె నన్ను పిలిచి, మా పుట్టింటి వైపు ఎర్రమట్టి కావాలంది. మా అన్న రెండు బస్తాల మట్టి పంపించాడు. ఆ మట్టిని జల్లించి, రంగులో, జిగురులో కలిపి పనిలోకి దిగింది. అంతే, తలుపు మూసింది. తిండి గిన్నెలు గడప దగ్గర పెట్టి వచ్చేవాళ్లం. వానలు మొదలయ్యే ముందు తలుపు తీసి మమ్మల్ని లోపలికి పిలిచింది.

గోడంత బొమ్మ. పైనుంచి కిందిదాకా మా నేలే. నెర్రెలు, వాటి మీద ఎండ, ఎక్కడో ఒక మూల తడి. నేను పుట్టి పెరిగిన చేను అంత అందంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన బొమ్మ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, మళ్లీ బొమ్మ వైపు చూశాడు.

"అమ్మా, ఇది బయటికెట్ల పోతాది?"

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. అప్పటిదాకా ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. లోపలే చట్రం బిగించుకుని వేసింది. విప్పి చుట్టేద్దామంటే మట్టి మందంగా ఉంది, రాలిపోతుంది. బెంగుళూరులో ప్రదర్శనకు దాన్ని పంపాలి. మేస్త్రీని పిలిపించాం. ఆయన టేపు పెట్టి కొలిచి, తలగుడ్డ తీసి విదిలించి, "సావుకారీ, రెండే దార్లు. బొమ్మనన్నా కొయ్యాల, గోడనన్నా పగలగొట్టాల. ఏది కానిమ్మంటావు?" అన్నాడు.

"గోడ కానీప్పా" అన్నాడు మా ఆయన, ఆలోచించకుండా.

మేస్త్రీ నా వైపు చూశాడు, ఇంట్లో ఇంకెవరికైనా మతి ఉందేమోనని. "పగలగొట్టన్నా" అన్నాను నేను కూడా.

వీధి వైపు గోడ కూలుతుంటే సగం ఊరు చేరింది. ముందు దుమ్ము వచ్చింది. ఆ దుమ్ములోంచి బొమ్మ మెల్లగా బయటికి వచ్చింది. మగ్గాలవాళ్లు, ఆటోలవాళ్లు, బస్సు కోసం నిలబడినవాళ్లు తలా ఒక చెయ్యి వేసి లారీ ఎక్కించారు. "భద్రం, భద్రం" అని అందరికంటే గట్టిగా అరిచింది, మా బుద్ధి తక్కువైందన్న పెద్దమనిషే.

బొమ్మ వెళ్లిపోయింది, గోడలో కంత మిగిలింది. వానలకు ముందే మూసేద్దామనుకున్నాం. కానీ మరునాటి నుంచే జనం ఆగి లోపలికి తొంగిచూడటం మొదలుపెట్టారు. "ఇంకా ఏమన్నా ఉండాయా లోపల?" అని అడిగేవాళ్లు. లోపల ఏమీ లేదు, ఖాళీ గోడలు. లేదని చెప్పడానికి మా ఆయనకు నామోషీ అయింది. ఇంటికొచ్చి, "ఏమే, మనింట్లోవి తీసకపోయి ఆడ పెడదామా?" అన్నాడు. నేను అప్పటికే పసుపు బొమ్మకు గుడ్డ చుడుతున్నాను.

అలా గోడలో పడిన కంతకు పెద్ద చెక్కతలుపులు వచ్చాయి, గోదాము బొమ్మల ఇల్లయింది. ఇప్పటికీ ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా ఉండొచ్చు. కొందరు లోపల చల్లగా ఉంటుందని వస్తారు. పామిడి నుంచి చీరలు కొనడానికి వచ్చిన ఒకామె మొన్నామధ్య ఒక నీలం బొమ్మ ముందు కూర్చుని సద్దిమూట విప్పింది. తిని, చెయ్యి కడుక్కుని, ఇంకాసేపు చూసి, "ఏముందో తెలీదు గానీ బాగుండాది" అని వెళ్లింది. నాకూ అంతకంటే ఎక్కువ ఏమీ తెలియదు.

వ్యాపారం మా అమ్మాయి చేతికి వచ్చి చాలా కాలమైంది. మాకిద్దరికీ బొమ్మల పనే. పోయినేడు మా ఆయనకు కంటిపొర తీయించాం. కట్టు విప్పాక డాక్టరు ఎండలో తిరగొద్దంటే, నల్లద్దాలు పెట్టుకుని నేరుగా బొమ్మల ఇంటికే నడిచాడు. లోపలికి వెళ్లి అద్దాలు తీసి ఒక్కొక్క బొమ్మ ముందు నిలబడి కేకలు పెట్టడం మొదలుపెట్టాడు.

"ఏమే! ఇది నీలమా? నేను నల్లదనుకొంటి గదే!"

"కొన్నప్పటి నుంచీ నీలమే."

"మరి చెప్పవేం?"

"మీకు కనిపిస్తాందనుకొన్నా."

పండక్కి కొత్తబట్టలు వేసుకున్న పిల్లాడిలా సాయంత్రందాకా అలాగే తిరిగాడు. ఇంటికి రమ్మంటే రాలేదు. ఆఖరికి, "నువ్వు కూడా చేయించుకో. ఇద్దరం మళ్లీ మొదటి నుంచి చూద్దాం" అన్నాడు. నా కళ్లు బాగానే ఉన్నాయన్నా వినలేదు.

పోయిన వారం గార్లదిన్నె దగ్గర ఒక పల్లెకు వెళ్లాం. ఒక టీచరమ్మ బడి పని అయ్యాక మిద్దె మీద బొమ్మలు వేస్తుందని తెలిసింది. ఎవరికీ చూపించలేదట. ఒకదాని తర్వాత ఒకటి పిట్టగోడకు ఆనించి పెట్టింది. మూడోది చూడగానే నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నాడు.

దాన్ని వెనకసీట్లో పెట్టుకుని బయలుదేరాం. బొమ్మల ఇంట్లో తలుపు పక్కన పెడదామని ఆయన, అక్కడ ఎండ పడుతుందని నేను. అనంతపురం దాటేదాకా వాదించుకున్నాం. తర్వాత ఆయన, "ఆయమ్మ భోంచేసిందో లేదో అడగలేదే మనం" అన్నాడు. కారు పక్కకు ఆపించి ఫోన్ చేశాను. భోంచేసిందట. వచ్చే ఆదివారం బొమ్మల ఇల్లు చూడటానికి వస్తానంది. ఓళిగలు చేసి పెడతానని చెప్పాను.